అత్తయ్య ఫోటో ఒక్కటి కావాలి

నాకు పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. ఈ ఇరవై నాలుగేళ్ళలో మా ఇంట్లో తీసిన ఫోటోలన్నీ కుప్ప పోస్తే ఒక గది నిండుతుందేమో. అందులోంచి మా అత్తయ్య ముఖం సరిగ్గా కనపడే ఫోటో ఒక్కటి తీసివ్వమంటే నాకు పదకొండు రోజులు పట్టింది. మీకు అతిశయోక్తిలా ఉంటే, చదవడం ఆపేసి మీ ఇంట్లో ఆల్బం ఒకటి తీసి చూడండి. తర్వాత వచ్చి మిగతాది చదువుకోవచ్చు.

సంగతేమిటంటే, మొన్న మే నెలతో మా అత్తయ్యకీ మామయ్యగారికీ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండాయి. 1975లో తెనాలిలో ఇంటి ముందు తాటాకు పందిరి వేసి చేసిన పెళ్ళి. డల్లాస్‌లో ఉండే మా మరిది ఫిబ్రవరిలోనే ఫోన్ చేసి, "వదినా, అమ్మా నాన్నలకి ఇద్దరికీ కలిపి క్యారికేచర్ గీయిద్దాం. ఫ్రేము కట్టించి ఫంక్షన్ హాలు గుమ్మంలో పెడదాం. వాళ్ళకి మాత్రం చెప్పకు, సర్‌ప్రైజ్" అన్నాడు. డబ్బులు తనవి, సర్‌ప్రైజ్ తనది. ఫోటోలు వెతికే పని ఎవరిదో మీకు వేరే చెప్పక్కర్లేదు కదా.

గీసే అబ్బాయిది విజయవాడ. పగలు ఏదో యానిమేషన్ కంపెనీలో ఉద్యోగం, రాత్రిళ్ళు ఇలాంటి బొమ్మలు. ఇద్దరిది, నడుం దాకా, రంగుల్లో అయితే నాలుగు వేలు, ఫ్రేము వేరే. మా మరిది తన ఫోన్‌లో ఉన్న ఫోటోలు ముందే ఓ పది పంపించేశాడు. వాటిని చూసి ఆ అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. "ఆంటీ, సార్‌వి రెండు పనికొస్తాయి. అమ్మగారిది ఒక్కటీ పనికిరాదు" అన్నాడు. ఎందుకయ్యా అంటే, ఓపిగ్గా పావుగంట చెప్పాడు. అతను చెప్పినవి నేను సరుకుల చీటీ వెనకాల రాసుకున్నాను. ఎప్పుడైనా మీకూ అవసరం పడొచ్చు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

ముఖం పూర్తిగా ఎదురుగా ఉంటే ముక్కు ఎంత పొడుగో, గడ్డం ఎంత ముందుకొచ్చిందో తెలీదట. పూర్తిగా పక్కకి తిరిగితే రెండో కన్ను పోతుంది. అందుకని కొంచెం పక్కకి తిరిగినట్టున్నది కావాలి. కెమెరా కళ్ళకి సమానమైన ఎత్తులో ఉండాలి. కిందనుంచి తీస్తే మనిషంతా గడ్డమే కనపడుతుంది, పైనుంచి తీస్తే అంతా నుదురే. ఫ్లాష్ వేసిన ఫోటో వద్దు, ఎదుటినుంచి వెలుగు కొడితే నీడలన్నీ పోయి ముఖం అప్పడంలా చదునుగా వస్తుంది. కిటికీలోంచి ఒక పక్కగా వచ్చే వెలుగు మంచిది. మరీ దగ్గర్నుంచి తీసిన సెల్ఫీ కూడా వద్దు. కెమెరాకి ఏది దగ్గరగా ఉంటే అది పెద్దగా పడుతుంది కదా, ముఖంలో ముక్కే ముందుంటుంది. దాన్ని చూసి అతను ముక్కు పెంచితే, పెంచిందాన్నే మళ్ళీ పెంచినట్టు. ఇక ఫోన్ తనంతట తను ముడతలు తుడిచేసి తెల్లగా చేసే బ్యూటీ ఫోటోలు అసలే వద్దు. "ఆ ముడతలే నాకు కావాలాంటీ, అవి లేకపోతే ఎవర్ని గీయను?" అన్నాడు. ఆ మాటకి నాకు ఆ అబ్బాయి మీద అభిమానం పుట్టింది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుందట. డాక్యుమెంట్‌గా పంపమన్నాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో చెప్పాడు. "ఆ ఫోటో చూడగానే మీ ఇంట్లోవాళ్ళు, ఇదీ ఆవిడంటే, అనాలి. ఆ ఒక్కటీ ఉంటే మిగతావి కొంచెం అటూ ఇటూ ఉన్నా నేను సర్దుకుంటాను."

సరే అని తెనాలి వెళ్ళాను. ఆవకాయ కారం పట్టించుకురావాలని వంక పెట్టాను. ఫిబ్రవరిలో ఆవకాయ కారమేమిటని అత్తయ్య అడగనేలేదు, వచ్చాను కదా అని సంతోషించారంతే.

మధ్యాహ్నం వాళ్ళు కునుకు తీశాక బీరువా మీది ఆల్బంలన్నీ దింపాను. మామయ్యగారి ఫోటోలకి కరువే లేదు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి 2009లో రిటైరయ్యారు. ఒక్క ఆ సన్మానం ఆల్బంలోనే ముప్ఫై పైన ఉన్నాయి. కాకపోతే వాటిలో సగం పనికిరావు, మెడలో దండలు గడ్డం దాకా వచ్చేసి పూలకుండీలోంచి ముఖం మొలిచినట్టుంటారు. తిరుపతి వెళ్ళొచ్చినప్పటివి చాలా బాగున్నాయి, వెలుగు కూడా చక్కగా పడింది, కానీ గుండు. గుండుతో గీస్తే చూసినవాళ్ళు ఈయనెవరని అడుగుతారు. మిగతావాటిలో ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, పైకి లేచిన కనుబొమలు, చాటల్లాంటి చెవులు, అన్నీ ఉన్నాయి. ఆయన పని అయిపోయింది.

ఇక అత్తయ్య.

పెళ్ళి ఫోటో నలుపు తెలుపుది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, పెదాలు రెండూ కుట్టేసినట్టు బిగించి, కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. మావారి అన్నప్రాసన ఫోటోలో పిల్లాడున్నాడు, పిల్లాణ్ణి పట్టుకున్న రెండు చేతులున్నాయి, గాజులున్నాయి, ముఖం లేదు. మా వదిన పెళ్ళి ఆల్బంలో అప్పగింతల దగ్గర ఏడుస్తూ కొంగులో ముఖం దాచుకున్నారు. మా పెళ్ళి ఆల్బం లెక్కపెట్టాను. 112 ఫోటోలు. అత్తయ్య 14 ఫోటోల్లో ఉన్నారు. వాటిలో ఆరింట్లో వెనక్కి తిరిగి ఎవరికో ఏదో పురమాయిస్తున్నారు. మూడింట్లో చేతిలో పళ్ళెం ఉంది, చూపు పళ్ళెం మీదుంది. మిగతావన్నీ గ్రూపు ఫోటోలు. గ్రూపు ఫోటో అనగానే అందరూ నిలబడ్డాక ఆఖర్న చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చివర్న నిలబడేది ఎవరో మనకి తెలుసు. వెడల్పుగా తీసిన ఫోటోలో అంచున ఉన్నవాళ్ళ ముఖాలు పక్కకి సాగినట్టు వస్తాయట, అదీ ఆ అబ్బాయే చెప్పాడు. అలా మా అత్తయ్య ముఖం ఒక్కో పెళ్ళిలో ఒక్కో రకంగా సాగింది.

ఆధార్ కార్డు ఫోటో సంగతి ఎత్తకండి. అది ఎవరికీ పోలదు.

అయితే ఇంకో విషయం కూడా ఆ మధ్యాహ్నమే గమనించాను. ముఖం కనపడే ఫోటోలు అసలు లేకపోలేదు, ఓ అయిదారు ఉన్నాయి. కానీ వాటిలో ఏ ఒక్కదాంట్లోనూ నోరు కనపడదు. నవ్వే ఫోటో అయితే కొంగు అడ్డం, కొంగు లేకపోతే చెయ్యి అడ్డం, చెయ్యి ఖాళీ లేకపోతే పెదాలు బిగింపు. పెళ్ళి ఫోటోలో ఉన్న బిగింపే, యాభై ఏళ్ళుగా.

మా అత్తయ్యవి ఎత్తుపళ్ళు. నేను రోజూ చూసే ముఖం కాబట్టి నాకది పట్టదు. కానీ మా మావారి నాయనమ్మగారు ఉన్నన్నాళ్ళూ ఆవిణ్ణి "కొబ్బరికోరు" అని పిలిచేవారట. అది కూడా ఎవరూ లేనప్పుడు కాదు, వచ్చినవాళ్ళ ముందు, కొబ్బరికాయ పగలగొట్టిన ప్రతిసారీ. "మా ఇంట్లో కోరుడుపీటెందుకూ" అనేవారట. నలుగురూ నవ్వేవారట. ఈ సంగతి నాకు అత్తయ్య చెప్పలేదు, మా వదిన చెప్పింది, చెప్తూ ఆవిడ నవ్వలేదు.

ఇప్పుడు చూడండి నా అవస్థ. క్యారికేచర్ అంటే ఉన్నదాన్ని పెంచడం. ఈ మాట ఇటాలియన్ భాషలో 'కరికారే' నుంచి వచ్చింది, బండికి సరుకెత్తినట్టు బరువెక్కించడమని అర్థం. పదహారో శతాబ్దం చివర్లో బొలోన్యా చిత్రకారుడు అన్నిబాలే కరాచ్చి ఇలాంటి బొమ్మలు వేశాడంటారు. మా అమ్మాయి ఇంకోటి చెప్పింది. 1980ల మొదట్లో అమెరికాలో ఎం.ఐ.టి.లో చదువుకున్న సూసన్ బ్రెన్నన్ అనే ఆవిడ కంప్యూటర్ చేత క్యారికేచర్లు గీయించిందట. అందరి ముఖాలూ కలిపితే వచ్చే సగటు ముఖం ఒకటి పెట్టుకుని, మన ముఖం దాన్నుంచి ఎక్కడెక్కడ తప్పుకుందో చూసి, ఆ తేడాని మాత్రం పెంచడం. గాంధీగారి చెవులు, ఇందిరాగాంధీ ముక్కూ జుట్టులో తెల్లపాయా, పి.వి.నరసింహారావుగారి బిగిసిన మూతి, ఇవి కార్టూనిస్టులకి దొరికింది అలాగే. రెండు గీతలు గీస్తే చాలు, కింద పేరు రాయక్కర్లేదు.

మా అత్తయ్య ముఖం సగటు నుంచి ఎక్కడ తప్పుకుందో చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు.

నేను బి.ఏ. తెలుగులో అలంకారాలు చదువుకున్నదాన్ని. అతిశయోక్తి ఎక్కడ స్తుతి అవుతుందో, ఎక్కడ నిందవుతుందో మా మేడమ్ గంటలకొద్దీ చెప్పేవారు. పైకి తిట్టినట్టుండి లోపల పొగడ్త ఉంటే వ్యాజస్తుతి. మంచి క్యారికేచర్ అంటే అదేనేమో అనుకుంటాను. మన తెలుగువాడు పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా క్యారికేచర్‌కి 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రి వచ్చింది. అది చూస్తే నాకు నవ్వు రాలేదు, నమస్కారం పెట్టాలనిపించింది. అది నిజమే. కానీ ప్రధానమంత్రి ముక్కు పెంచడం వేరు, ఇంట్లో పడ్డమనిషి పళ్ళు పెంచడం వేరు. అధికారంలో ఉన్నవాళ్ళని నలుగురూ చూసి నవ్వితే వాళ్ళకేమీ తరగదు, ఒకరకంగా అది వాళ్ళ జీతంలో భాగం. కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా మాట పడ్డ మనిషిని, యాభయ్యో పెళ్ళిరోజు నాడు, అదే బంధువులు వచ్చే హాలు గుమ్మంలో, అదే పళ్ళతో నిలబెడితే? సర్‌ప్రైజ్ అంటే ఇదా?

అలాగని పళ్ళు లేకుండా గీయించడమూ నాకు ఇష్టం లేదు. నోరు మూసుకున్న ఫోటో పంపి, ఆ అబ్బాయి చేత బుగ్గలో, బొట్టో పెంచించుకుని వచ్చెయ్యొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ నోరు మూయించింది ఎవరో తెలిశాక, మళ్ళీ మనమే మూయించడమేమిటి?

మా మరిదికి ఫోన్ చేశాను. "సర్‌ప్రైజ్ మీ నాన్నగారికి ఉంచుదాం. అత్తయ్యకి మాత్రం నేను చెప్పేస్తున్నాను" అన్నాను. "అయ్యో వదినా, థ్రిల్లంతా పోతుంది" అన్నాడు. పోతే పోయిందన్నాను. ఆడవాళ్ళకి చెప్పకుండా ఆడవాళ్ళ గురించి తీసుకునే నిర్ణయాల్లో థ్రిల్లు ఎప్పుడూ వేరేవాళ్ళకే. ఈ చివరి మాట మరిదితో అనలేదు, మీతో అంటున్నాను.

మర్నాడు పొద్దున్న పెరటి వసారాలో అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. పక్కన కూర్చుని నేనూ రెండు గుప్పెళ్ళు ముందేసుకుని సంగతి చెప్పాను. బొమ్మ గీయిస్తామనగానే, "నేనేమన్నా బాపు బొమ్మనా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది కాదత్తయ్యా, ఇది వేళాకోళం బొమ్మ, ఉన్నవి కాస్త పెంచి గీస్తారని ఫోన్‌లో నాలుగు చూపించాను. ఆవిడ చాలాసేపు చూశారు. ఒక ముసలాయన పొట్ట చూసి నవ్వారు కూడా. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి మళ్ళీ చిక్కుడుకాయ తీసుకున్నారు. రెండు కాయలయ్యాక అడిగారు.

"నాకేం పెంచుతాడు?"

నాకు వెంటనే నోరు పెగల్లేదు. అబద్ధం చెప్తే ఆవిడకి తెలిసిపోతుంది.

"మీరేది వద్దంటే అది పెంచడు. చెప్పే పూచీ నాది" అన్నాను.

"మీ మామయ్యగారికో?"

"చెవులు. కనుబొమలు. కళ్ళజోడు."

"చెవులు బాగా పెంచుతాడా?"

"బాగానే పెంచుతాడు."

ఇంకో కాయ ఈనె తీశారు. "సరే, ఆయనకి చెవులు పెంచితే నాకు పళ్ళు పెంచమను. ఆయనకి తగ్గిస్తే మాత్రం ఊరుకోను."

అంటే ఒప్పుకున్నారనుకోవాలా, పంతమనుకోవాలా నాకు తెలీలేదు. రెండూ ఉండొచ్చు. మన ఇళ్ళల్లో ఒప్పుకోవడాలు చాలావరకు ఇలాగే ఉంటాయి.

ఇక ఫోటో కావాలి. సంక్రాంతికి మా అమ్మాయి తీసిన వీడియో ఒకటుంది. అరిసెల పాకం ముదిరిపోయి, నూనెలో వేసిన మొదటి అరిసె రాయిలా అడుక్కి పోతే, మామయ్యగారు వచ్చి "ఇది ఆర్కిమెడిస్ సూత్రం" అన్నారు. అప్పుడు అత్తయ్య తల వెనక్కి వేసి నవ్వారు. చేతులు రెండూ పిండిలో ఉన్నాయి కాబట్టి చెయ్యి నోటిదాకా రావడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణం దగ్గర వీడియో ఆపి చూశాం. ఇదీ మా అత్తయ్య అంటే. కళ్ళు మూసుకుపోయి, కళ్ళ పక్కన ముడతలు విసనకర్రలా విచ్చుకుని, పళ్ళు ముందుకొచ్చి. కానీ కదిలే వీడియోని ఆపితే బొమ్మ అలికినట్టుంటుంది. పంపితే ఆ అబ్బాయి "నవ్వు తీరు తెలిసిందాంటీ, చాలా బాగుంది. కానీ వివరాలు కనపడట్లేదు. ఇదే నవ్వు స్పష్టంగా ఒక్కటి కావాలి. ఒకటి నవ్వుకి, ఒకటి రెండు ముఖం కొలతలకి ఉంటే నాకు చాలు" అన్నాడు.

నవ్వమంటే నవ్వు వస్తుందా? ఇంట్లో కెమెరా తీసి "స్మైల్" అంటే వచ్చేది నవ్వు కాదు, పళ్ళ డాక్టరు దగ్గర తెరిచే నోరు. అందుకని నేను నవ్వమనలేదు. వసారాలో పొద్దున్న ఎనిమిదింటికి తూర్పు పక్కనుంచి వెలుగు మెత్తగా వస్తుంది. అత్తయ్యని స్తంభం పక్కన పీట మీద కూర్చోపెట్టాను, వెలుగు ఎడంబుగ్గ మీద పడేలా. నేనూ ఎదురుగా కింద కూర్చున్నాను, ఫోన్ ఆవిడ కళ్ళకి సమంగా ఉండాలి కదా. ఓ అయిదారు అడుగులు వెనక్కి జరిగి, ఫోన్‌లో రెండింతలు దగ్గరికి తెచ్చుకున్నాను. కళ్ళజోడు మీద వెలుగు మెరుస్తోందని తీసేయించాను. ఆ తర్వాత అడిగాను. "పెళ్ళిచూపుల్లో మిమ్మల్నేం అడిగారత్తయ్యా?"

ఇరవై నాలుగేళ్ళలో ఇది నేనెప్పుడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

పెళ్ళిచూపుల రోజు పొద్దున్న వాళ్ళమ్మ తల దువ్వుతూ ఒకటే మాట చెప్పిందట, "ఏమడిగినా నోరు తెరవకు" అని. సరేనని వచ్చి కూర్చున్నారు. మామయ్యగారు, వాళ్ళమ్మగారు, మేనమామ వచ్చారు. "ఎంతవరకు చదువుకున్నావు?" అని మామయ్యగారు అడిగితే, ఈవిడ తల వంచుకునే రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ చూపించారట. పదో తరగతి అని. మేనమామగారు "వంట వచ్చా?" అంటే తల ఊపారు. "ఎంతమంది అక్కచెల్లెళ్ళు?" అంటే రెండు వేళ్ళు. దాంతో ఆ మేనమామగారికి అనుమానం వచ్చింది. పక్కకి వంగి, "ఏమోయ్, పిల్ల మూగదేమో" అన్నారట, అందరికీ వినపడేలా. పిల్ల మూగది కాదని రుజువు చెయ్యాలి కాబట్టి, ఒక పాట పాడమన్నారు. నోరు తెరవకుండా పాట ఎలా పాడతారు? పెదాలు బిగించుకుని ముక్కుతో పాడారట. "సన్నాయి వాయిద్యం అనుకున్నారో ఏమో, ఖాయం చేసుకునిపోయారు" అంటూ నవ్వడం మొదలుపెట్టారు అత్తయ్య. నేనూ నవ్వాను. ఫోన్ వణికింది. ఆవిడ ఒళ్ళో చిక్కుడుకాయలు చెల్లాచెదురయ్యాయి. చెయ్యి సగం దాకా లేచింది, మళ్ళీ ఎందుకో చేటలోకే వెళ్ళిపోయింది.

నలభై పైన తీశాను. అందులో తల కొంచెం పక్కకి తిరిగి, కళ్ళు సగం తెరుచుకుని, ముందుపళ్ళు రెండూ వెలుగులో మెరుస్తున్నది ఒకటుంది. అది కూడా నేను ఎంచలేదు. ఫోన్ ఆవిడకే ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కోటీ వేలితో జరుపుతూ చూశారు. బియ్యంలో రాళ్ళేరినంత శ్రద్ధగా. చాలావాటికి "ఊహూ" అన్నారు. ఒకదాని దగ్గర ఆగి, "ఇందులో మా అమ్మలా ఉన్నాను" అన్నారు. అది పక్కన పెట్టాం, బొమ్మకి కాదు, ఆవిడకి. చివరికి ఆ పళ్ళు మెరిసేదే చూపించి, "పంపు మరి, ఆలోచించే టైమిస్తే మళ్ళీ వద్దంటాను" అన్నారు. డాక్యుమెంట్‌గా పంపాను.

వారం తర్వాత పెన్సిల్ రఫ్ వచ్చింది. మామయ్యగారి చెవులు చూస్తే గాలికి ఎగిరిపోతారేమో అన్నట్టున్నాయి. చేతిలో సుద్దముక్క. పక్కన అత్తయ్య నవ్వుతున్నారు, చేతిలో చిక్కుడుకాయల చేట. అన్నీ కుదిరాయి, కానీ ఏదో తేడాగా ఉంది. నాకు తెలిసేలోపే, ఫోన్‌లో దాన్ని చూసిన అత్తయ్య కనిపెట్టేశారు.

"ఇది నేను కాదు. ఇది మా చెల్లెలు."

వాళ్ళ చెల్లెలికి పలువరస ముత్యాల్లా ఉంటుంది. ఆ అబ్బాయి మర్యాదకొద్దీ పళ్ళు లోపలికి తోసేశాడు, అదీ సంగతి. ఫోన్ చేస్తే, "పెద్దావిడ కదాంటీ, బాధపడతారేమోనని" అన్నాడు. మంచి పిల్లాడు. స్పీకర్‌లో విన్న అత్తయ్య దగ్గరికి వచ్చి, ఫోన్‌లోకి వంగి, "బాబూ, ఆయన చెవులు తగ్గించలేదుగా నువ్వు?" అని అడిగారు. "లేదండీ" అన్నాడు. "మరి నావెందుకు తగ్గించావు? ఎక్కడివక్కడ పెట్టెయ్" అన్నారు. అతను ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత "అలాగేనమ్మా" అన్నాడు. అంతవరకూ 'అమ్మగారు' అనేవాడు.

మేలో ఫంక్షన్ బాగా జరిగింది. దాని గురించి ఎక్కువ రాయను, ఎండలు, ఏసీ పనిచెయ్యకపోవడం, కేటరింగువాళ్ళ పెరుగు, అందరికీ తెలిసినవే. ఫ్రేము గుమ్మంలో నిలబెట్టాం. వచ్చినవాళ్ళు ఆగి చూశారు, నవ్వారు, పక్కన నిలబడి ఫోటోలు దిగారు. నాయనమ్మగారి తరఫు పెద్దావిడ ఒకరు మాత్రం కళ్ళజోడు సవరించుకుని, "పళ్ళు కూడా గీయించారే" అన్నారు. నా ఒళ్ళు మండింది. ఏదో అనబోయేలోపు అత్తయ్య, "ఉన్నవేగా పిన్నిగారూ, అద్దెకి తెచ్చుకున్నవి కాదు" అన్నారు, నవ్వుతూ, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. ఆ రోజంతా అడ్డం పెట్టుకోలేదని చెప్పను. చాలాసార్లు పెట్టుకున్నారు. యాభై ఏళ్ళ అలవాటు ఒక బొమ్మకి పోతుందా?

మామయ్యగారు మాత్రం బొమ్మ చూసి నొచ్చుకున్నారు. "నా చెవులు మరీ ఇంతా?" అని వారం రోజులు అడిగినవాళ్ళనీ అడగనివాళ్ళనీ పట్టుకుని అడిగారు. ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు.

నేను హైదరాబాద్ బయల్దేరేరోజు అత్తయ్య నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. ఆ చిక్కుడుకాయల ఫోటో స్టూడియోలో పెద్దది కడిగించి తెమ్మన్నారు. గోడకి పెట్టుకుంటారా అంటే, కాదన్నారు.

"రేపు నేను పోయాక పేపర్లో వెయ్యడానికి ఫోటో కావాలిగా. హడావుడిలో మగపిల్లలు ఏది దొరికితే అది వేసేస్తారు. ఆధార్ కార్డుది వేస్తారేమోనని నా భయం."

"అవేం మాటలత్తయ్యా" అని కసిరాను. కసిరి, ఆ సాయంత్రమే బస్టాండుకి వెళ్ళే దారిలో ఆటో ఆపి రెండు కాపీలు తీయించాను. ఒకటి తిరిగి వెళ్ళి ఆవిడకిచ్చి వచ్చాను. బీరువాలో పట్టుచీరల అరలో, కింద నుంచి రెండో చీర మడతలో పెట్టారు. ఎక్కడ పెట్టారో నాకు చూపించి మరీ పెట్టారు.